వదిలేసిన పూర్వపదం

తార్నాక, హైదరాబాదు
21 ఆగస్టు 2011, ఆదివారం

తమ్ముడు జ్ఞానప్రకాశానికి,

అక్క కరుణమ్మ దీవించి రాసేది. గుడి నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఫోన్లో "షుగరు తగ్గిందిరా" అని నేను మూడుసార్లు అరిస్తే నువ్వు "ఎవరు తప్పిపోయారు?" అన్నావు. మా బిల్డింగులో మూడంతస్తుల వాళ్ళకీ నా షుగరు సంగతి తెలిసింది, నీకు తప్ప. అందుకే మళ్ళీ కలం పట్టాను. చెవులు పోయినా నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పంతులమ్మగా ఎర్రసిరా తప్ప వాడని చేతికి నల్లసిరా పట్టుకోవడం కొత్తగా ఉంది.

ఇక్కడ సంగతులు పేపర్లో చూస్తూనే ఉంటావు. నేను మాత్రం రోజూ తెల్లవారి క్యాంపస్‌లో నడుస్తూనే ఉన్నాను. ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళి వస్తాను. దారి పొడుగునా పోలీసు వ్యానులు. ఒక కానిస్టేబులు నన్ను చూసి "అమ్మా, గొడవలప్పుడు ఎందుకు తిరుగుతారు?" అన్నాడు. "నాకు షుగరు, మీకు డ్యూటీ. ఎవరి నడక వాళ్ళది" అన్నాను.

ఎంకన్న గురించి ఇంతకుముందు రాశాను, గుర్తుందా? తెలుగు ఎమ్మే చదువుతున్న కుర్రాడు. జనగామ దగ్గర వాళ్ళ ఊరు. సంధులు, సమాసాలు దిద్దించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటాడు. దిద్దిన ప్రతిసారీ "మా ఊర్ల గిట్లనే అంటం మేడం" అని నాతో వాదం పెట్టుకుంటాడు. ఉద్యమంలో ముందుంటాడు. నెల మొదట్లో ఒకరోజు తలుపు కొట్టి, "మేడం, నేను ఊర్లు తిరగబోతున్న. మెస్సు బందయింది. ఈ పిల్లకు గాడ బువ్వ పెట్టెటోళ్ళు లేరు. నేనొచ్చేదాక జర చూస్కోండ్రి" అని ఒక పిల్లని అప్పగించి పోయాడు. పేరు భూదేవి అట. క్రైస్తవుల ఇంట్లో భూదేవి ఏమిట్రా అని నవ్వుకున్నాను.

ఇల్లు మాత్రం సందడిగా ఉంది. పాలు, చేపముక్క తప్ప ఏదీ ముట్టదు. పిలిస్తే రాదు. పిలవకపోతే వచ్చి కాళ్ళ దగ్గర చేరుతుంది. మొన్న క్యాంపస్ వైపు బాష్పవాయువు గుండ్లు పేలిన చప్పుడుకి బెదిరిపోయి, ఎత్తుకోబోతే నా కుడి మణికట్టు మీద గీరేసింది. పసుపు పెట్టాను. మీ బావ పోయిన తర్వాత ఈ ఇంట్లో నాకు పని చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు ఉన్నారు.

హన్నాకి నా మాటగా చెప్పు, గోంగూర పచ్చడి అయిపోయిందని.

అక్క,
కరుణమ్మ


చీరాల
29-8-2011

అక్కకి వందనాలు.

నీ ఉత్తరం చేరింది. హన్నా పచ్చడి పెడుతోంది, ఎవరైనా అటు వస్తుంటే పంపుతాం.

అక్కా, నీకు మతి ఉందా? బయట ఉధ్యమం, రాళ్ళు, పోలీసులు. నీ వయసు అరవై. ఎవరో కుర్రాడు ఎవరి పిల్లనో తెచ్చి నీ గుమ్మంలో దించిపోతే తీసుకుని చేపముక్కలు పెడుతున్నావా? వాళ్ళ అక్క కూతురా, అన్న కూతురా? తల్లి ఎక్కడ? వయసెంత? బడికి పంపుతున్నావా? ఒక్కటీ రాయలేదు. రేపు ఎవరన్నా వచ్చి, మా పిల్లని ఆంధ్రావాళ్ళు దాచారంటే ఏం జవాబు చెబుతావు?

శాంసన్ వారానికి రెండుసార్లు గుర్తుచేస్తున్నాడు, అత్తని తీసుకొచ్చేద్దాం నాన్నా అని. ఇక్కడ నీ గది ఖాళీగానే ఉంది. గోడకి సున్నం కూడా కొట్టించాను.

షుగరు తగ్గిందని సంతోషం. నిరుడు నీకు షుగరని తెలిసిన రోజున అమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టించి నేను నీతో అనిపించిన మాట మర్చిపోలేదు కదా. చెప్పుల్లేకుండా నడవనన్నావు. కుక్కని, పిల్లిని గడప దాటనివ్వనన్నావు. నేను ముప్పైరెండేళ్ళు పశువుల కాంపౌండరుగా చేసినవాణ్ణి, ఏదో చాదస్తానికి చెప్పలేదు.

ఆ పిల్ల సంగతి వివరంగా రాయి.

తమ్ముడు,
ప్రకాశం


తార్నాక
20 సెప్టెంబరు 2011

తమ్ముడికి,

ముందు నీ తప్పు. "ఉధ్యమం" కాదు, "ఉద్యమం". దకారానికి ఒత్తు లేదు. ఉన్నది చాలు, నువ్వు ఇంకా బరువెక్కించకు.

నేను ఎక్కడికీ రాను. ముప్పై ఆరేళ్ళుగా ఈ తార్నాకలో ఉన్నాను. సమ్మె మొదలయ్యి వారమైంది, బస్సులు తిరగడం లేదు, బళ్ళు మూతబడ్డాయి. అయినా కింది అంగడి భీమయ్య పొద్దున్నే షట్టరు సగం లేపి "అమ్మా, పాలు తీస్కోండ్రి" అని నన్నే మొదట పిలుస్తాడు. వెళ్ళిపొమ్మన్నవాడు ఇంతవరకూ నా గుమ్మానికి రాలేదు.

పిల్ల గురించి బెంగ పెట్టుకోకు. ఆరోగ్యంగా ఉంది. బడికి పోయే వయసు కాదు. మధ్యాహ్నమంతా బీరువా ఎక్కి పడుకుంటుంది, దింపితే అలుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. హన్నాకి వినిపించకుండా చదువుకో.

ఈ నెల మొదట్లో స్నానం చేస్తుంటే కుడి చంకలో చేతికి గడ్డ తగిలింది. అప్పుడు చింతగింజంత. ఇప్పుడు ఉసిరికాయంత. నొక్కితే నొప్పి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది, అన్నం సయించదు. రెండు కిలోలు తగ్గాను. అమ్మకీ కుడి చంకలోనే మొదలయింది. అప్పుడు నీకు పదకొండేళ్ళు, నాకు పదిహేను. అమ్మ జాకెట్టు వదులు చేసి కుట్టమని నాకే ఇచ్చింది. ఎందుకమ్మా అంటే ఒరుసుకుంటోంది అంది. అంతే కదా మనకి తెలిసింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, కడప అబ్బాయి, పేరు దినేష్. మర్యాదస్తుడు. చేతికి ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. పిల్ల గీరింది, మానిపోయిందన్నాను. "చిన్నపిల్లల గోళ్ళు సన్నగుంటాయి మేడం, వారానికోసారి కత్తిరించండి" అన్నాడు. తర్వాత అమ్మ సంగతి చెప్పాను. అది విన్నాక అతని మొహం మారింది. గడ్డ మొత్తం తీసి పరీక్షకి పంపాలన్నాడు. టీబీ గడ్డ కావచ్చు, మరొకటీ కావచ్చునన్నాడు. మరొకటి అంటే ఏమిటో నేను అడగలేదు. అక్టోబరు పదిహేడున రమ్మని చీటీ రాసిచ్చాడు.

నేను వెళ్ళను ప్రకాశం. అమ్మని కోశారు, నలభై రోజుల్లో పోయింది. కోయకపోతే ఆ క్రిస్మసు చూసేదేమో. నేను నెమ్మదిగా అన్నీ సర్దుకుంటున్నాను. పుస్తకాలు ఎంకన్నకి. కుట్టు మిషను మీ ఇంటికి. నాకు కావలసింది ఒక్కటే. అక్కడి సమాధుల తోటలో అమ్మ పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉందని పోయిన ఈస్టరుకి చూశాను. పాస్టరు గారితో మాట్లాడి అది నాకు ఉంచు. చిన్నప్పుడు అమ్మ పక్కన పడుకుంటానని రోజూ ఏడ్చి సాధించేవాడివి, నేను గోడ వైపు పోయి పడుకునేదాన్ని. ఈ ఒక్కసారికి నాకు వదిలెయ్.

ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. చేతిరాత చూడు, ఒక్క అక్షరం వంకరపోలేదు.

అక్క


చీరాల
26-9-2011

అక్కా,

ఉత్తరం శనివారం వచ్చింది. ఆ రోజు అన్నం తినలేదు. హన్నా ఏమైందని అడిగితే పళ్ళు నొప్పి అన్నాను.

నిన్న ఆదివారం గుడికి కూడా వెళ్ళకుండా నీ ఉత్తరాలు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆగస్టుది, మొన్నటిది. నీకు ఎర్రసిరా ఉన్నట్టే మాకూ మా పద్ధతి ఒకటి ఉంది. గేదెకి గజ్జలో గడ్డ లేస్తే మేము గడ్డని చూస్తూ కూర్చోము. కాలు పైకెత్తి గిట్ట చూస్తాం. మేకు దిగిందా, ముల్లు విరిగిందా అని. పొలానికి నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూసి పైన కాలవ ఎక్కడ తెగిందో వెతికినట్టు. చంకలో గడ్డ లేచిందంటే ముందు ఆ వైపు చెయ్యి చూడాలి. నీ చెయ్యి ఎవరూ సరిగ్గా చూడలేదు. నువ్వూ చూపించలేదు.

అందుకని అడుగుతున్నాను, వరసగా జవాబు రాయి. గీరింది కుడి చేతి మీదనే కదా? గీరిన చోట వారం పది రోజులకి ఎర్రగా పొక్కు లేచిందా? గడ్డ ఆ తర్వాత వచ్చిందా, ముందా?

ఇంకొకటి. పాలు, చేపముక్క తప్ప ముట్టని పిల్ల. పిలిస్తే రాని పిల్ల, పిలవకపోతే కాళ్ళ దగ్గర చేరే పిల్ల. బడికి పోయే వయసు లేదు గాని బీరువా ఎక్కగలదు. మా శాంసన్ నాలుగేళ్ళప్పుడు బల్ల ఎక్కడానికే ఏడ్చేవాడు. గుండ్లు పేలితే ఏ పసిపిల్ల అయినా వచ్చి నీ మెడ పట్టుకుంటుంది గాని నిన్ను గీరి పారిపోదు. నువ్వు రెండు ఉత్తరాల్లోనూ ఆ పిల్ల మాట్లాడిందని ఒక్క ముక్క రాయలేదు. మాట్లాడే పిల్ల నీ ఇంట్లో ఉంటే ఈపాటికి దాని ఉచ్చారణ దిద్దానని రెండు పేజీలు రాసేదానివి.

అక్కా, తిట్టను. ఒట్టు. నాకు ఒక్క మాట చెప్పు.

భూదేవికి తోక ఉందా?

ప్రకాశం


తార్నాక
1 అక్టోబరు 2011

తమ్ముడికి,

ఉంది. నల్లటి తోక, కొసన తెలుపు.

నేను అబద్ధం ఆడలేదు. ఇది నీకు చెప్పుకుంటున్నది కాదు, నాకు నేను చెప్పుకుంటూ వచ్చింది. పిల్లి యొక్క పిల్ల, పిల్లిపిల్ల. షష్ఠీ తత్పురుష సమాసం. పూర్వపదం పిల్లి, ఉత్తరపదం పిల్ల. నేను ఉత్తరంలో ఉత్తరపదం మాత్రం రాసి పూర్వపదం మింగేశాను. రాసినది ప్రతి అక్షరమూ నిజమే. ఎన్ని వందల మంది పిల్లలకి సగం నిజం మొత్తం అబద్ధమని కాపీలు రాయించానో నీకు తెలుసు. ఇప్పుడు ఆ కాపీ నేను రాయాలి.

గడపలో ఆ కుర్రాడు ఆ ముద్దని చొక్కాలోంచి తీసి చూపించినప్పుడు అమ్మ బైబిలు గుర్తొచ్చింది. కాదందామనుకున్నాను. "మెస్సుల దీని తల్లి సచ్చింది మేడం, నేను లేకుంటె ఇది సుత సస్తది" అన్నాడు. తీసుకున్నాను. తర్వాత నీకు ఎలా రాయాలో తోచలేదు. డాక్టరు ముందు కూడా అలవాటుగా పిల్ల అనేశాను. రెండు నెలలుగా ఆ మాటే వాడుతూ వాడుతూ నాకే అది పిల్ల అయిపోయింది.

నీ ప్రశ్నలకి జవాబులు. కుడి చేతి మీదనే. గీరింది ఆగస్టు పదహారు ప్రాంతంలో. వారానికి అక్కడ ఎర్రటి పొక్కు లేచింది, పదిరోజులుండి పోయింది. గడ్డ ఆ తర్వాతే.

ఇప్పుడు నువ్వు అడగనిది కూడా రాస్తాను. నాకు భయంగా ఉంది ప్రకాశం. చేతిరాత చూడమన్నాను కదా, ఆ ఉత్తరం నాలుగుసార్లు చిత్తు రాసి, ఐదోసారి శుభ్రప్రతి చేశాను. సాయంత్రం జ్వరం వచ్చినప్పుడు చెయ్యి పైకెత్తి అద్దంలో చూసుకుంటాను. అమ్మ కనిపిస్తుంది.

భూదేవిని ఏం చెయ్యమంటావు? ఎంకన్న రైలు పట్టాల మీద కూర్చున్నాడని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. నీకిచ్చిన మాట తప్పాను. అతనికిచ్చింది కూడా తప్పమంటే తప్పుతాను. నువ్వే చెప్పు.

అక్క


చీరాల
6-10-2011
స్పీడు పోస్టు

అక్కకి,

ఇది అందగానే చెప్పులు వేసుకో. పదిహేడు దాకా ఆగకు. ఆ కడప అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పు, పిల్లి అని. మిగతాది అతను చూసుకుంటాడు.

పిల్లుల రక్తంలో ఒక సూక్ష్మక్రిమి ఉంటుంది. పిల్లికి దానివల్ల ఏ జబ్బూ కనబడదు, శుభ్రంగా ఆడుకుంటుంది. వాటి బొచ్చులో గెంతే సన్నటి పురుగులుంటాయి చూడు, అవి ఒకదాన్నుంచి ఒకదానికి అంటిస్తాయి. ఆ పురుగుల మలం పిల్లి గోళ్ళలో ఇరుక్కుంటుంది. గోకితే మన ఒంట్లోకి దిగుతుంది. ముందు పొక్కు, తర్వాత ఆ వైపు గడ్డ, జ్వరం. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. షుగరున్నవాళ్ళు మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడదు. బాపట్లలో మా పాత డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరం చూపించి కనుక్కున్నాను. నేను చెబితే ఆయనకి వినబడింది, ఆయన చెబితే నాకు వినబడలేదు, కాగితం మీద రాయించుకున్నాను.

అయినా నేను పశువుల కాంపౌండర్ని. ఇది అదేనని నేను తేల్చను. ఆ పని డాక్టరుది. అతను సూదితో తీసి చూస్తానన్నా, కోసి చూస్తానన్నా ఒప్పుకో. అమ్మని కోసినందుకు పోలేదు అక్కా. ఆలస్యంగా కోశారు.

ప్రమాణం ఎందుకు చేయించానో ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. జనగామ దగ్గర నేను పనిచేసిన రోజుల్లో బుచ్చవ్వ అని ఒక ముసలామె ఉండేది. షుగరు. ఒకరోజు పిల్లి కరిచిందని నా దగ్గరికే వచ్చింది, సూది మందు ఇచ్చేవాడిని కదా, నేనే డాక్టరునని ఆమె లెక్క. కరిచిన చోట రెండు సూది బెజ్జాలు, అంతే. నేను టింక్చరు పూసి, "ఏం కాదు బుచ్చవ్వా, పో" అన్నాను. మర్నాటికి చెయ్యి మోచేతి దాకా వాచింది. నాలుగో రోజు వరంగల్లులో మణికట్టు దగ్గర తీసేశారు. పిల్లి నోట్లో ఉండేది వేరే క్రిమి, అదీ గేదెలకి గొంతువాపు తెచ్చే క్రిమీ ఒక్కటేనట. గేదెలకి ఏటా వానాకాలం ముందు టీకా వేసినవాణ్ణి నేను. ఆమె చెయ్యి కడిగి, సబ్బు పెట్టి బాగా కడిగి, అప్పుడే బస్సెక్కించి పెద్దాసుపత్రికి పంపి ఉంటే చెయ్యి మిగిలేది. ఆమె నన్నేమీ అనలేదు. పండగొస్తే ఎడమ చేత్తో సకినాలు చేసి పంపేది. పదకొండేళ్ళు ఆ జిల్లా అన్నం తిన్నాను. నీ ఎంకన్నని ఎవరో కుర్రాడన్నందుకు సిగ్గుపడుతున్నాను.

భూదేవిని పారేయకు. దాని తప్పేముంది. ఒంటి పురుగులకి మెడ మీద వేసే మందు ఈ కవర్లో పెడుతున్నాను, ఎలా వెయ్యాలో చీటీ మీద రాశాను. గోళ్ళ కొసలు భీమయ్య చేత కత్తిరింపించు, నువ్వు పట్టుకోకు. గీరితే ఆ నిమిషమే సబ్బుతో కడుక్కో. పసుపు కూరలో వెయ్యి.

అమ్మ పక్కన చోటు గురించి పాస్టరు గారిని అడగలేదు. అడగను. అది నాది. చిన్నప్పుడు వదిలావు, ఇప్పుడూ వదులు.

ప్రకాశం


తార్నాక
12 నవంబరు 2011

తమ్ముడు జ్ఞానప్రకాశానికి,

నెల పైన ఎందుకు రాయలేదో చివర చెబుతాను. పేజీ తిప్పి ముందే చూడకు.

నీ ఉత్తరం అక్టోబరు పదిన వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. భీమయ్య స్కూటరు వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్ళాను. అరవయ్యేళ్ళ పంతులమ్మ స్కూటరు మీద ఒక పక్కకి తిరిగి కూర్చుని వెళుతుంటే, రోడ్డు మధ్య వంటావార్పు చేస్తున్న ఉద్యోగులు లేచి దారిచ్చారు. ఒకతను నా పాత విద్యార్థి. "టీచర్, పులిహోర తినిపోండ్రి" అన్నాడు. షుగరన్నాను.

దినేష్ డాక్టరు ముందు కూర్చుని చెప్పాను.

"బాబూ, పోయినసారి నేనొక తప్పు చెప్పాను. దిద్దుకోవాలి. తలకట్టు ఉన్నచోట గుడి ఉండాలి."

"అర్థం కాలేదు మేడం."

"పిల్ల గీరిందన్నాను కదా. ల్ల కాదు, ల్లి."

అతను కలం కింద పెట్టేశాడు. "అదేంది మేడం, మీ మనవరాలేమో అనుకొంటి గదా నేను. ముందే చెప్పింటే ఇంత దూరం వచ్చేదా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. మణికట్టు మీద సన్నటి గీత ఇంకా ఉంది. గడ్డ మొత్తం తీసే పని ఆపి, ముందు సూదితో కొంచెం తీసి పరీక్షకి ఇస్తానన్నాడు. రక్తం కూడా వేరే ఊరు పంపాలన్నాడు. అమ్మ సంగతి మళ్ళీ అడిగాడు. ఏదీ దాచకుండా చెప్పాను. ఐదు రోజులు మాత్రలిచ్చాడు.

సూది ఫలితం నాలుగు రోజుల్లో వచ్చింది. అమ్మ జబ్బు కాదు. టీబీ కాదు. రక్తం జవాబు మాత్రం సమ్మె వల్ల ఆలస్యమై మొన్న తొమ్మిదిన వచ్చింది. నువ్వన్నదే. పిల్లి గీరుడు జ్వరం. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఇదే. ఈసారి సగం నిజం రాయదలచుకోలేదు.

జ్వరం పోయింది. అన్నం సయిస్తోంది. గడ్డ ఉసిరికాయ నుంచి శనగగింజకి దిగింది. నెమ్మదిగా పోతుందట.

ఎంకన్న దీపావళి ముందు విడుదలయ్యి వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. నా గడ్డ సంగతి గుమ్మంలోనే చెప్పాను. "నా వల్లనే గద మేడం" అన్నాడు. "నీ వల్ల కాదు, నా సమాసం వల్ల" అన్నాను. బుచ్చవ్వ సంగతి చదివి వినిపించాను. వాళ్ళ పక్క ఊరేనట, చిన్నప్పుడు ఆమెని చూశాడట. "ఒక్క చేతితోనే బతుకమ్మ పేర్చేది మేడం, రెండు చేతులోళ్ళ కన్న ఎత్తు" అన్నాడు. నీకు రాయమన్నాడు. నువ్వు ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు తగ్గుతుందో లేదో నాకు తెలియదు. రాయమన్నాడు, రాశాను.

తర్వాత భూదేవిని హాస్టలుకి తీసుకుపోతానని సంచీ తెచ్చాడు. మెడ మీద నువ్వు పంపిన మందు వేశాక దాని ఒంటి మీద పురుగు లేదు, గోళ్ళు భీమయ్యే కత్తిరిస్తున్నాడు. సంచీ చూడగానే అది బీరువా ఎక్కి కూర్చుంది. గంటసేపు బతిమాలాడు. చేపముక్క చూపించాడు. దిగలేదు. చివరికి సంచీ మడిచి చంకలో పెట్టుకుని, "ఇగ పో, ఇది గీడ లోకల్ అయింది మేడం" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మీరు సుత" అన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఇన్ని రోజులూ రానిది.

శాంసన్‌కి చెప్పు, నా గది గోడ సున్నం పాడవకుండా చూడమని. క్రిస్మసుకి వచ్చి పదిరోజులుంటాను. ఉండిపోవడానికి కాదు. భూదేవిని భీమయ్య చూసుకుంటాడు.

అమ్మ గురించి ఒక మాట. నువ్వు రాసిన దగ్గర నుంచి ఆలోచిస్తున్నాను. అమ్మ జబ్బు అమ్మ జబ్బే, దానికి పిల్లి లేదు, నేనేమీ కథ అల్లుకోవడం లేదు. కానీ జాకెట్టు వదులు చెయ్యమన్నప్పుడు నేను ఒక్కసారి, ఎక్కడమ్మా ఒరుసుకుంటోంది, చూపించు అని అడిగి ఉండాల్సింది. పదిహేనేళ్ళ దాన్ని, నాకు తోచలేదు. నాన్న అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆరునెలలు ఆ మనిషి చెయ్యి కిందికి దించుకునే తిరిగింది. నన్ను మాత్రం నువ్వు చెవులు వినబడకుండానే విని, తోక ఉందా అని అడిగావు.

నీ పోయిన ఉత్తరంలో ఒక్క అక్షరదోషం కూడా లేదు. నాలుగుసార్లు చిత్తు రాసి ఉంటావు. నూటికి నూరు వేస్తున్నాను.

అమ్మ పక్క చోటు నువ్వే తీసుకో. నాకు తొందరేమీ లేదు.

అక్క,
కరుణమ్మ